రత్నమాణిక్యం గారి సీటు కింద

నేను ఒక యాంప్లిఫయర్‌ని. కారులో పాటలు పెట్టే పెట్టె ఉంటుంది చూడండి, దాని గొంతు సన్నం. ఆ గొంతును అందుకుని, బలం పోసి, స్పీకర్లకు అందించడం నా పని. ఒళ్ళంతా అల్యూమినియం. వేడి పోవడానికి వీపు మీద వరసగా గాడులు. ఇప్పుడా గాడుల నిండా మసి పట్టింది. విజయవాడ ఆటోనగర్‌లో ఒక పాత ఇనుము కొట్టు పెరట్లో, నాలాంటి తెల్లలోహపు తుక్కు మధ్యన పడి ఉన్నాను. వాన కురిస్తే నీళ్ళు నాలోంచే కారిపోతాయి. దాచుకోవడానికి లోపలేమీ మిగల్లేదు.

పుట్టింది ఏ దేశంలోనో నాకు తెలియదు. ఒక పొడవాటి బల్ల ముందు కూర్చున్న ఆడపిల్లలు నా లోపలి ముక్కలు అతికించారు. వాళ్ళ మొహాలు చూసే తీరిక నాకు లేదు, నా మొహం చూసే తీరిక వాళ్ళకీ లేదు. అట్టపెట్టెలో ఓడెక్కి, లారీ ఎక్కి, భీమవరంలో రొయ్యల మేత వ్యాపారి కొడుకు చేతిలో పడ్డాను. అతనికి పాటలంటే ఇష్టం లేదని మొదటి రోజే అర్థమైంది. అతనికి ఇష్టమైనది పక్కింటి కిటికీ అద్దాలు అదరడం. మనుషులు తమ ఉనికిని ఇతరులకు తెలియజెయ్యడానికి ఎన్ని తిప్పలు పడతారో అక్కడ నేర్చుకున్నాను. నన్ను బిగించినవాడు నా ఆకలికి సగం కూడా చాలని సన్నటి వైరు వేశాడు. రంగు పూసిన రేకు మీదే ఎర్త్ వైరు తగిలించాడు. రంగులోంచి కరెంటు సరిగ్గా పోదు. నేను సెగలు కక్కేదాన్ని, మధ్యలో ఆగిపోయేదాన్ని. "దొంగ సరుకు" అని తిట్టి, ఆ కుర్రవాడు నన్ను ఆటోనగర్‌లో జోజిబాబుకి ఇచ్చేసి, నాకంటే పెద్దదాన్ని పట్టుకుపోయాడు.

జోజిబాబు నన్ను విప్పి చూసి, "దీనికేం రోగం లేదు, తిండి పెట్టలేదంతే" అన్నాడు. అలా అతని కొట్లో అటక మీద చేరాను.

ఆ కొట్టు భార్యాభర్తలిద్దరిదీ. జోజిబాబు కార్లలో పాటల పెట్టెలు, లైట్లు బిగిస్తాడు. అతని భార్య ఫాతిమారాణి సీటు కవర్లు కుడుతుంది. ఆమె మిషను చప్పుడు, అతని గొణుగుడు, ఇవే ఆ కొట్లో సంగీతం. జోజిబాబుకి చెయ్యి నిదానం, నోరు దురుసు. ఎదుటి కొట్లో పూటకి రెండు బళ్ళు అయిపోతుంటే, ఇతని దగ్గర ఒక బండి సాయంత్రం దాకా తలుపులు తెరుచుకుని నిలబడేది. తొందరపెట్టినవాణ్ణి "అయితే ఎదురింటికెళ్ళు, ఎవరు కాదన్నారు?" అనేవాడు. కొంతమంది నిజంగానే వెళ్ళిపోయేవాళ్ళు. ఫాతిమారాణి మిషను ఆపకుండానే, "మీ నోటికి తాళం కుడతాను ఒకరోజు" అనేది.

ఒకనాటి పొద్దున్న ఒక పాత తెల్లకారు వచ్చి ఆగింది. దిగినాయన పేరు గొరిపర్తి నాంచారయ్య. కైకలూరు దగ్గర చేపల చెరువులు కౌలుకి చేస్తాడు. యాభై ఏళ్ళుంటాయి. చెరువు గట్ల మీద తిరిగి ఎండకు నల్లబడ్డ మనిషి. ముందు సీట్లో ఆయన తల్లి రత్నమాణిక్యం కూర్చుని ఉంది. కుడి చెయ్యి ఒళ్ళో చచ్చుబడి ఉంది. పెదవి ఒక పక్కకి జారింది. మలుపుల్లో ఒరిగిపోకుండా, బెల్టు చాలదని, ఒక తువ్వాలుతో ఆమెను సీటుకి కట్టి ఉంచాడు.

"అమ్మకి పక్షవాతం వచ్చిందయ్యా. నెలకి రెండు మూడు సార్లు ఇక్కడ ఆస్పత్రికి తీసుకొస్తున్నా," అన్నాడు నాంచారయ్య. "మాట పడిపోయింది. చెవులు కూడా మందం. ఒకప్పుడు స్టేజీ ఆర్టిస్టు. కృష్ణా జిల్లాలో ఆవిడ రాణి వేషం కట్టని ఊరు లేదు. అప్పట్లో మైకుసెట్టాయన ఎవరో ఆవిడ పద్యాలు క్యాసెట్లోకి పట్టాడు. అది మొన్న పెన్‌డ్రైవులోకి ఎక్కించా. ఈ డొక్కు స్పీకర్లో పెడితే గరగర తప్ప ఏం లేదు. ఆవిడ గొంతు ఆవిడకి వినపడాలి. అంతే నాకు కావాల్సింది."

జోజిబాబు కారు దగ్గరికెళ్ళి, ఆమె కళ్ళలోకి చూసి, "అమ్మా, నమస్కారం" అన్నాడు. ఆమె ఎడమ చెయ్యి కొంచెం లేచింది. అతను లోపలికొచ్చి అటక మీద నుంచి నన్ను దించాడు. ఎవరినీ తొందరపడొద్దని కసిరే మనిషి, ఆవేళ తనే తొందరగా కదిలాడు. పెద్దావిడని ఫాతిమారాణి ఫ్యాను కింద కుర్చీలో కూర్చోబెట్టి, మెత్తటి సీటు కవర్ల మూట వెనక ఆనిచ్చింది.

మనిషి చెయ్యి నన్ను సరిగ్గా బిగించడం అదే మొదటిసారి. ముందుగా బ్యాటరీ మైనస్ వైరు ఊడదీశాడు, పని జరుగుతుండగా ఎక్కడా నిప్పురవ్వ లేవకుండా. నా ఆకలికి తగ్గ లావు వైరు తీసి, బ్యాటరీకి జానెడు దూరంలోనే దానికొక ఫ్యూజు పెట్టాడు. ఇంజినుకీ మనుషులు కూర్చునే చోటుకీ మధ్య ఒక రేకు గోడ ఉంటుంది. దానికి చిల్లు వేసి, అంచులు ఆకురాయితో నున్నగా రాసి, రబ్బరు రింగు తొడిగి, అందులోంచి వైరు లోపలికి లాగాడు. పాట మోసే వైర్లు ఒక పక్కనుంచి, కరెంటు మోసే వైరు ఇంకో పక్కనుంచి తెచ్చాడు, ఒకదాని గోల ఒకదానికి అంటకుండా. ముందు సీటు కింద రేకు మీద రంగు గీకి, ఉత్త ఇనుము తేలాక ఎర్త్ వైరు బిగించాడు. ఆ సీటు కిందే, గాలి ఆడేలా నన్ను బోల్టులతో నిలబెట్టాడు. రత్నమాణిక్యం గారి సీటు అది.

నాంచారయ్య ఊరుకోలేక, "ఈ ఫ్యూజు అక్కడెందుకయ్యా? లోపలే ఎక్కడో పెట్టొచ్చుగా, మార్చుకోడానికి వీలు," అన్నాడు.

"వైరు ఎక్కడన్నా రేకుకి రాసుకుని తెగిందనుకోండి. బ్యాటరీలో ఉన్న బలమంతా ఆ వైరులోకి దిగుద్ది. అది కాలకముందే ఫ్యూజు కాలాలి. అందుకే మొదట్లో ఉండాలి," అన్నాడు జోజిబాబు. విడిగా రెండు ఫ్యూజులు కాగితంలో చుట్టి అద్దం కింది అరలో పెట్టాడు. "ఇది పోయిందంటే పాట పోయిందని కాదండోయ్. ఎక్కడో తేడా ఉందని. ఊరికే మార్చుకుంటూ పోకండి, నాకు ఫోన్ చెయ్యండి."

పెద్దావిడని మళ్ళీ సీట్లో కూర్చోబెట్టారు. పాట పెట్టారు.

ముందు టేపు చిరచిర. తర్వాత హార్మోనియం. తర్వాత ఆమె గొంతు, ఎన్నేళ్ళ కిందటిదో, ఉడుకు నెత్తురుతో వచ్చింది. నేను దాన్ని ఎత్తుకున్నాను. అద్దాలు అదరడానికి కాదు, ఒక ముసలి చెవికి చేర్చడానికి. నా పుట్టుకకి ఒక అర్థం ఉందని నమ్మింది ఆ క్షణంలోనే. ఆ నమ్మకం ఎందుకు కలిగిందా అని ఇప్పుడు అనిపిస్తుంది.

పద్యం ఎత్తుగడలో "ఎన్నడు వత్తువో" అన్న మాట ఉంది. దాన్ని రాగంతో సాగదీసే చోట, సీట్లోంచి ఇంకో గొంతు సన్నగా కలిసింది. వణుకుతూ, ఒక పక్క పెదవితో, "ఎన్నడు... ఎన్నడు వత్తువో" అని.

నాంచారయ్య కారు తలుపు పట్టుకుని అలాగే కింద కూర్చుండిపోయాడు. "అమ్మ మాట్లాడింది" అన్నాడు ఎవరితోనో. ఫాతిమారాణి మిషను ఆగింది. జోజిబాబు కళ్ళద్దాలు తీసి చొక్కాతో తుడుచుకుంటూ, "గెయిన్ కొంచెం తగ్గించాలి" అని గొణిగాడు. గెయినంటే నా జోరు. తగ్గించాల్సిందేమీ లేదు.

మాట పోయినా పాట మిగలడం కొంతమందిలో ఉంటుందని ఆస్పత్రిలో డాక్టరు చెప్పాడట. పాట పట్టుకునే మెల్లగా మాటలోకి రావచ్చట. ఆ తర్వాత నాంచారయ్యకి ఆస్పత్రి పని ఉన్నా లేకపోయినా తల్లిని కారెక్కించడం అలవాటైంది. ఇంట్లో ఎంత పెట్టినా ఆమె పలికేది కాదు. కార్లోనే, ఆ సీట్లోనే, కింద నా వెచ్చదనం మీదే ఆమె నోరు తెరుచుకునేది. పద్యంలోంచి ఒక్కొక్క మాట ఊడి బయటికొచ్చేది. దాహమైతే "నీళ్ళూ..." అని రాగం తీసేది. కొడుకుని "నాంచారూ..." అని హార్మోనియం శ్రుతిలో పిలిచేది. ఆయన పగలబడి నవ్వి, "వచ్చె వచ్చె మహారాణీ" అని తనూ రాగం తీసేవాడు. చెరువు గట్టున కొంగలు లేచిపోయేవి. ఆ రోజుల్లో నాకంటే అదృష్టవంతమైన వస్తువు ఉందని నేను అనుకోలేదు.

ఎండాకాలంలో కారు ఏసీ చెడింది. గుడివాడలో ఒక మెకానిక్కు ఏసీ గొట్టం మార్చాడు. మార్చేటప్పుడు రేకు గోడ దగ్గర నా వైరు అడ్డొచ్చింది. దాన్ని పక్కకి లాగాడు. రబ్బరు రింగు జారి కింద పడింది. అతను చూడలేదు. చూసినా, రబ్బరు రింగే కదా అనుకునేవాడేమో. ఏసీ చల్లగా వచ్చింది. అందరూ సంతోషించారు. ఆ రోజు నుంచి ఇంజిను అదిరినప్పుడల్లా నా వైరు రేకు అంచుకి రాసుకోవడం మొదలైంది. నాకు తెలుస్తూనే ఉంది. ఎవరికి చెప్పను?

ఒకరోజు ఆస్పత్రి నుంచి తిరిగొస్తుంటే, పద్యం నడుమ పాట తెగింది. నాంచారయ్య బండి పక్కకి ఆపి, ఇంజిను మూత ఎత్తి, కాలిన ఫ్యూజు తీసి, అరలో ఉన్నది పెట్టాడు. కాసేపు నడిచి అదీ పోయింది. రెండోది పెట్టాడు. అదీ పోయింది. చేతులకి మసి అయిందని ఫోను సీటు మీద పెట్టి, గొంతు పెద్దగా వినపడేలా నొక్కి, జోజిబాబుకి చేశాడు.

"ఎక్కడో వైరు రేకుకి తగులుతోందండీ," అన్నాడు జోజిబాబు. "ఆ ఫ్యూజు గూడు ఖాళీగా వదిలేసి ఇంటికెళ్ళిపోండి. బండికేం కాదు, పాట రాదంతే. రేపు తీసుకురండి, చూస్తాను."

"రేపు చెరువులో చేపల పట్టుబడి ఉందయ్యా. ఎల్లుండి వస్తా."

"ఎప్పుడైనా రండి. కానీ వేరే ఏదీ పెట్టి నడపొద్దు. మీకు దణ్ణం పెడతా."

"సరే సరే" అని నాంచారయ్య ఫోను పెట్టేశాడు. ఆ గూడు ఖాళీగానే వదిలెయ్యాలనుకున్నాడు. కానీ రత్నమాణిక్యం గారు "ఎన్న... ఎన్న..." దగ్గర ఇరుక్కుపోయింది. మాట ముందుకి రాదు, వెనక్కి పోదు. ఎడమ చేత్తో నుదురు కొట్టుకోవడం మొదలుపెట్టింది. కళ్ళలోంచి ధారగా నీళ్ళు. ఆయన ఆ చెయ్యి పట్టుకుని, "వస్తదమ్మా, వస్తది, ఉండు" అని ఎంత బతిమాలినా ఆగలేదు.

చెరువుల మీద నీళ్ళలోకి గాలి కలిపే చక్రాల మోటార్లుంటాయి. వాటి ఫ్యూజులు పదే పదే పోతుంటాయి. చేపలకి గాలి ఆగితే చచ్చిపోతాయి గనుక, రైతులు ఆ ఫ్యూజుల్లో లావు రాగితీగ చుట్టేసి నడుపుతారు. నాంచారయ్య డిక్కీలో ఆ తీగ చుట్ట ఎప్పుడూ ఉంటుంది. ఒక ముక్క తుంచాడు. కాలిన ఫ్యూజు కాళ్ళ చుట్టూ బిగించి చుట్టాడు. గూట్లో నొక్కాడు.

పాట వచ్చింది. "...వత్తువో" అని తల్లి నోట మిగతా మాట జారింది. ఆయన స్టీరింగు మీద తల పెట్టుకున్నాడు.

ఆయన్ని మీరు తిట్టుకోకండి. నేను ఎంతోసార్లు తిట్టుకుందామని చూశాను. కుదరలేదు.

ఎల్లుండి అన్నది కుదరలేదు. చేపల లారీ రాలేదు, తర్వాత వాన పట్టింది. పాట ఆగితే ఆటోనగర్ గుర్తొచ్చేదేమో, కానీ పాట ఆగలేదు. ఆగకుండా చేసింది ఆ తీగే. ఈలోగా రత్నమాణిక్యం గారు కొత్త మాటలు పలకసాగింది. ఒకసారి కిటికీలోంచి చూసి, "వాన... వెలిసింది" అంది. రాగం ఉంది, కానీ సన్నంగా. ఆ సంబరంలో ఎవరికి గుర్తుంటుంది, ఇంజిను మూత కింద చుట్టిన ఒక తీగ?

ఆవేళ పట్టపగలు. గుడివాడ దాటి, రోడ్డుకి రెండు పక్కలా చెరువులున్న చోట బండి పోతోంది. ఒక గతుకులో పడి లేచింది. రేకు అంచు వైరు తోలు చీల్చుకుని రాగిని తాకింది. బ్యాటరీ బలమంతా ఒక్కసారి దిగింది. ముందు కాలవలసిన ఫ్యూజు కాలలేదు. వైరే ఎర్రబడింది. దాని మీది తోలు కరిగి, కాళ్ళ కింద పరిచిన పట్ట అంటుకుంది. అద్దం కింది అరలోంచి పొగ వచ్చింది.

నాంచారయ్య బండి ఆపి దిగాడు. ఇంజినులో ఏదో అయిందనుకుని మూత ఎత్తాడు. గాలి తగిలి మంట పైకి లేచింది. తల్లి పక్కకి పరిగెత్తి తలుపు లాగాడు. తలుపు వచ్చింది. బెల్టు వచ్చింది. తువ్వాలు ముడి మాత్రం రాలేదు. ఆమె ఒరిగిపోకూడదని రోజూ ఎంతో జాగ్రత్తగా బిగించి వేసే ముడి అది.

అప్పటికి పాట ఆగిపోయింది. నాలో కరెంటు లేదు. హార్మోనియం లేదు. అయినా ఆమెకి మాట వచ్చింది. రాగం లేకుండా, మామూలుగా, తల్లులు అనేటట్టే, "పో నాయనా. పో" అంది.

ఆయన పోలేదు. ఐసు లారీ డ్రైవరు ఒకడు, అతని మనుషులు వచ్చి వెనక నుంచి పట్టుకుని లాగేశారు. రెండు చేతులూ మోచేతుల దాకా కాలాయి. నీళ్ళు చెరువు నిండా ఉన్నాయి, రోడ్డుకి పది అడుగుల్లో. అవి కారు దాకా వచ్చేసరికి పని అయిపోయింది. పాటల పెట్టె కరిగిపోయింది. దాంతోపాటు పెన్‌డ్రైవూ, అందులోని గొంతూ. నేను బోల్టుల మీద మిగిలాను.

కాలిన కారుని పోలీసు స్టేషను ఆవరణలోకి లాక్కొచ్చారు. చేతులకి కట్లతో నాంచారయ్య వచ్చాడు. జోజిబాబుని పిలిపించారు. అతని వెంట ఫాతిమారాణి వచ్చింది. జోజిబాబు గేటు దాటుతుండగానే నాంచారయ్య మీదికెళ్ళాడు.

"మా అమ్మని చంపేశావు కదరా! నమ్మి నీ చేతిలో పెట్టాను కదరా! ఏం వైర్లేశావురా నువ్వు?"

ఎస్సై నాంచారయ్యని పక్కకి తీసుకెళ్ళి కూర్చోబెట్టి, "నువ్వు బిగించింది నువ్వే చూసి చెప్పు" అన్నాడు జోజిబాబుతో. అతను ముందు రేకు గోడ దగ్గర వంగి, చిల్లు చుట్టూ వేలితో తడిమాడు. రబ్బరు రింగు జాడ లేదు. తర్వాత బ్యాటరీ ఉన్న చోటికొచ్చాడు. కరిగిన ఫ్యూజు గూడు మసిలో చేత్తో రుద్దాడు. రాగి మెరిసింది. రాగి అంత త్వరగా పోదు. నాలుగు చుట్లు చుట్లుగానే ఉన్నాయి.

అతను తలెత్తి నాంచారయ్యని చూశాడు. ఆయన దూరంగా అరుగు మీద, కట్ల చేతులు గాలిలో పెట్టుకుని, వాటిని ఏం చెయ్యాలో తెలియనట్టు కూర్చుని ఉన్నాడు. జోజిబాబు గోటితో తీగ ఊడదీశాడు. గుప్పిట్లో మూశాడు. చొక్కా జేబులో వేసుకున్నాడు.

ఫాతిమారాణి చూసింది. దగ్గరికొచ్చి లోగొంతుకతో, "ఏంటండీ అది?" అంది.

"ఏం లేదు."

"నాకు కనపడింది. తీగ. ఆయనే చుట్టాడు కదూ? ఎస్సై గారికి చూపించండి."

"చూపిస్తే?"

"మనం బయటపడతాం."

"మరి ఆయన?" అన్నాడు జోజిబాబు. "తల్లిని తన చేత్తోనే... ఆ సంగతి తెలిస్తే ఆ మనిషి ఈ సాయంత్రం దాకా ఉండడు రాణీ. నన్ను తిట్టుకుంటూ అయినా బతకనీ."

"మనం ఎట్టా బతుకుతాం? అది ఆలోచించారా? మీ జాలి మన నోట్లో మట్టి కొడుతోంది." ఆమె కొంగు నోట్లో కుక్కుకుంది. అతను జేబు మీద చెయ్యి వేసుకున్నాడు.

ఎస్సై వచ్చి, "ఏమైంది?" అన్నాడు.

"బిగించింది నేనే సార్," అన్నాడు జోజిబాబు. "ఇంతకంటే నాకు తెలియదు."

నేను అక్కడే, నాలుగడుగుల దూరంలో ఉన్నాను. జరిగిందంతా నాకు తెలుసు. మెకానిక్కు తెలుసు, రింగు తెలుసు, ఫోనులో పెట్టిన దణ్ణం తెలుసు. మనుషులు ఏ మాటైనా వింటారు, సాక్ష్యం చెప్పగలిగినదాని మాట తప్ప.

కేసు నడిచింది. పేరు పోయింది. మనుషుల్ని కాల్చే కొట్టు అన్నారు. కొన్నాళ్ళకి జోజిబాబు కొట్టు మూసేశాడు. ఈ సంగతులన్నీ నాకు పాత ఇనుము కొట్టు కరీముల్లా నోట తెలిశాయి, ఎందుకంటే కారుని చివరికి తుక్కు కింద కొన్నది అతనే. ఆటోనగర్‌లో ఒక వీధి కబురు ఇంకో వీధికి చేరడానికి ఎంతసేపు! జోజిబాబు ఇప్పుడు ట్రాలీ ఆటోలో మంచినీళ్ళ టిన్నులు వేస్తున్నాడట. ఫాతిమారాణి రెడీమేడ్ షాపులో గుండీలు కుడుతోందట.

ఒక మధ్యాహ్నం నాంచారయ్య పెరట్లోకి వచ్చాడు. చేతుల మీద చర్మం ముడతలు పడి మెరుస్తోంది. వేళ్ళు పూర్తిగా ముడుచుకోవడం లేదు. ఎవరినీ అడక్కుండా కారు దగ్గరికొచ్చి, ఇంజిను చోట వంగి, ఫ్యూజు గూడు వెతికాడు. దొరికింది. లోపల వేలు పెట్టాడు. ఖాళీ. కింద మట్టిలో చూశాడు. మోకాళ్ళ మీద కూర్చుని మసి అంతా జల్లించినట్టు చేత్తో తిరగేశాడు.

కరీముల్లా వచ్చి, "ఏం వెతుకుతున్నావ్ పెద్దాయనా?" అన్నాడు.

"ఇక్కడ ఒక రాగితీగ ఉండాలి."

"నేను ఇంకా ఈ బండి మీద చెయ్యి వెయ్యలేదు. మరి పోలీసుల దగ్గరే పోయిందేమో. ఆ జోజిగాడు ఒక్కడే అక్కడ దీన్ని విప్పి చూశాడంట."

నాంచారయ్య మసి తిరగెయ్యడం ఆపాడు. "చూశాడన్నమాట" అన్నాడు. "చూసి కూడా చెప్పలేదన్నమాట."

"ఏంటి చెప్పనిది?"

"ఆ తీగ చుట్టింది నేనేనయ్యా. మంట లేచినప్పుడే తెలిసింది నాకు. ఆయన గేటు దగ్గర కనపడగానే ఎందుకు అరిచానో... అరవకపోతే అక్కడే పడి చచ్చిపోయేవాణ్ణి."

అప్పుడు తెలిసింది నాకు కూడా. ఆయనకి తెలియకూడదనే జోజిబాబు తన బతుకుని పెట్టి దాచిన సంగతి, ఆయనకి మొదటి నుంచీ తెలుసు. ఆ రోజు ఆవరణలో ఇద్దరికీ తెలిసిన ఒకే మాట, ఇద్దరి మధ్యా ఎవరూ అనకుండా ఉండిపోయింది. ఎవరు అన్నా ఒక కొట్టు నిలిచేది. బహుశా ఇద్దరు మనుషులు నిలిచేవాళ్ళు.

కరీముల్లా తల గోక్కున్నాడు. "ఇది నాకెందుకు చెప్తావ్? చెప్పాల్సినోడికి చెప్పు. నంబరు లేదా?"

ఉంది. నాంచారయ్య ముడుచుకోని వేలితో ఫోను నొక్కాడు. చెవి దగ్గర పట్టుకోవడం చేత కాక ఎదురుగా పట్టుకున్నాడు. అవతల టిన్నులు ఒకదానికొకటి తగులుతున్న చప్పుడు. తర్వాత జోజిబాబు గొంతు, కొంచెం ఆగి, "నాంచారయ్య గారూ... చెప్పండి."

నాంచారయ్య నోరు తెరిచాడు.

"వింటున్నానండి," అన్నాడు జోజిబాబు. ఏమీ రాకపోయేసరికి, "చేతులెలా ఉన్నాయండీ? మందు రాస్తున్నారా?"

నాంచారయ్య కళ్ళు మూసుకున్నాడు. పెదవులు కదిలాయి. శబ్దం రాలేదు. అవతల వెనక బండివాడెవరో హారను కొట్టాడు.

"వినపడట్లేదండి. రోడ్డు మీద ఉన్నాను. ఉంటాను మరి." ఫోను ఆగింది.

కరీముల్లా అటు తిరిగి ఎవరికో తూకం వేస్తున్నాడు. పని కానిచ్చి ఇటు తిరిగి, "చెప్పావా?" అని అడిగాడు.

నాంచారయ్య తల ఊపాడు, చెప్పానన్నట్టు. "మంచి పని చేశావ్" అన్నాడు కరీముల్లా. ఆయన లేచి మోకాళ్ళ మట్టి దులుపుకుని గేటు వైపు నడిచాడు. మళ్ళీ రాలేదు.

తర్వాత సీటు చట్రం ఇనుములోకి, నేను అల్యూమినియంలోకి వేరైపోయాం. కొలిమికి లారీ ఎప్పుడొస్తుందో తెలియదు. ఈ వీధి చివర టీ కొట్టుకి పొద్దున్నే ఒక ట్రాలీ ఆటోలో నీళ్ళ టిన్నులు వస్తాయి. ఖాళీ టిన్నులు లోపల వేసుకునేటప్పుడు తోలేవాడి గొణుగుడు వినపడుతుంది. గోడకి ఇవతల నేను వింటాను. బండి కాసేపు ఆగి వెళ్ళిపోతుంది.